మగ్గానికి కుడి పక్క జాగ

మా ముందుగది తలుపు పక్కన సున్నం వేసిన గోడ మీద పెన్సిలు గీతలు రెండు వరుసలుగా ఉన్నాయి. మొదటి వరుసలో ఇరవై మూడు. ప్రతి గీత పక్కన తేదీ ఉంది. అన్నిటికంటె కిందిది జూన్ తొమ్మిదో తేదీది, నేల నుంచి యాభై ఆరు అంగుళాలు. నా కుడిచెయ్యి ఆ రోజు అంతకంటె పైకి లేవలేదు. అదే రోజు ఎడమచెయ్యి ఎనభై ఒకటి అందుకుంది. తేడా ఇరవై అయిదు అని డైరీలో రాసి, అంకె కింద అడ్డగీత కొట్టాను. లెక్క తేలితే మనసు కుదుటపడే స్వభావం నాది. ఆ రోజు లెక్క తేలింది కాని మనసు కుదుటపడలేదు. రెండో వరుస సంగతి దాని వంతు వచ్చినప్పుడు చెబుతాను.

నేను కొత్తవాడలో జంపఖానాలు నేస్తాను. పెళ్లిళ్లలో, సభల్లో నేల మీద పరిచే వెడల్పాటి రకం. తొమ్మిదడుగుల మగ్గం మీద ఒక్కడు నేయలేడు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని గుంటలోకి కాళ్లు వదలాలి. ఒకరు పోగుతో విసిరిన నాడెను రెండో అంచున ఇంకొకరు అందుకోవాలి. ఆ పోగును బిగించడానికి బరువైన కొయ్యచట్రాన్ని ఇద్దరూ ఒకే ఊపున తమవైపు గుంజాలి. ఆ గుంజుడునే మేము దెబ్బ అంటాం. దెబ్బ రెండు వైపులా సమంగా పడితేనే నేత తిన్నగా సాగుతుంది.

కుడి పక్క మా బావ కూర్చుంటాడు, ఎడమ పక్క నేను. పందొమ్మిదేళ్లుగా ఇదే వరుస. బావ అంటే మా అక్క భర్త. మగ్గం ఆయన ఇంట్లోనే ఉంది. కుడి పక్క జాగ పెద్దవాడిది. ఆయన కంటె ముందు అక్కడ ఆయన తండ్రి కూర్చునేవాడు. దసరానాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు మొదటి బొట్టు ఆ పక్కకే పడుతుంది. చిన్నవాడు ఆ జాగలో సరదాకైనా కూర్చోడు. ఎడమ పక్క కూర్చునేవాడు ఎడమచేత్తో నాడె పట్టి కుడిచేత్తో దెబ్బ కొడతాడు. కుడి పక్కవాడిది దీనికి తిరగేసిన వరుస, కుడిచేత నాడె, ఎడమచేత దెబ్బ. ఈ ముక్క గుర్తుంచుకోవాలి, తరువాతి కథ అంతా దీని మీదే నడిచింది.

నాకు షుగర్ ఏడేళ్లుగా ఉంది. దాని కొలతలు వేరే నోటుపుస్తకంలో ఉన్నాయి. వేసవి చివర కుడి భుజం నొప్పి మొదలైంది, తరువాత నొప్పి కంటె బిగువు ఎక్కువైంది. చొక్కా చేతిలోకి చెయ్యి దూర్చడానికి గోడకు ఆనుకోవలసి వచ్చేది. దవాఖానలో డాక్టరు నా మోచేతిని పట్టుకుని నాలుగు దిక్కులా తిప్పి చూసి, భుజం బిగుసుకుపోయిందనీ, షుగర్ ఉన్నవాళ్లలో ఇది తరచుగా వస్తుందనీ, వదలడానికి ఏడాది పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చుననీ అన్నాడు. బరువు గుంజే పని కొన్నాళ్లు ఆపగలరా అని అడిగాడు. నా పని ఆగితే రెండో మనిషి పని కూడా ఆగుతుందని ఆయనకు చెప్పలేదు. చూస్తాను అన్నాను.

పక్కగదిలో వ్యాయామం నేర్పే అమ్మాయి నన్ను గోడ ముందు నిలబెట్టింది.

"వేళ్లతోటి గోడ ఎక్కాలె సార్. చీమ ఎక్కినట్టు, మెల్లగ. ఎంత దాక పోతే అంత దాక. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి."

"రోజుకు ఎన్ని అంగుళాలు పెరగాలె?" అని అడిగాను.

ఆమె "అంగుళాల లెక్క మేం చెప్పం సార్. తొందరపడకుండ్రి," అంది.

అంగుళాల లెక్క నేనే పెట్టుకున్నాను. మూడు రోజులకొక గీత.

సరిగ్గా ఆ వారమే హన్మకొండ సేటు ఆరు జంపఖానాలు చెప్పిపోయాడు. వాళ్లది పాత వ్యాపార కుటుంబం, ఏళ్లుగా మా సరుకు అమ్ముతున్నారు. ఒక ఫంక్షన్ హాలుకట, తొమ్మిదడుగులకు పన్నెండు, శ్రావణం పెళ్లిళ్ల నాటికి కావాలట. నేల మీది టైల్స్ గీతకు జంపఖానా అంచు కలవాలి కాబట్టి రెండంచుల పొడవులో తేడా అర అంగుళం దాటకూడదన్నాడు. "ఈ ఆరు మంచిగొస్తె హాలోళ్లు వేరే హాళ్లకు గూడ చెప్తరు. వంకరొస్తె మాత్రం మిల్లు సరుకు తెప్పిచ్చుకుంట, నన్ను అనొద్దు," అని కూడా అన్నాడు. మిల్లు సరుకు వస్తే వెడల్పు మగ్గం ఆగిపోతుంది. బావకు యాభై ఎనిమిదేళ్లు. మా వాడలో మగ్గం ఆగిపోయినవాళ్లు చాలామంది కాలనీ గేట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. బావను ఆ కుర్చీలో ఊహించుకుంటే నాకు కూర్చున్నచోట నిలకడ ఉండేది కాదు. అందుకే చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొదటి జంపఖానా జూన్ పదిహేడున దిగింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మగ్గం నుంచి దించిన దాన్ని నేల మీద పరిచి రెండంచులూ, ఆపైన మూలకు మూల కొలవాలి. ఆ పని ఎప్పుడూ నాదే. ఎడమ అంచు, అంటే నా వైపు, పావు అంగుళం ఎక్కువ వచ్చింది. దెబ్బ మెత్తగా పడితే పోగులు వదులుగా ఉండి ఆ వైపు పొడవు పెరుగుతుంది. పావు అంగుళం క్షమించదగిందే. రెండోది జూన్ ఇరవై రెండున దిగింది. ముప్పావు అంగుళం తేడా.

"ఎంతొచ్చింది?" అని బావ అడిగాడు.

"ముప్పావు."

"నీళ్లు చల్లి గుంజుదాం. తొవ్వకొస్తది."

ఇద్దరం నీళ్లు చల్లి, కుడి అంచు పట్టి లాగి, రాళ్లు పెట్టి ఎండలో ఉంచాం. నేను ఎడమచేత్తోనే లాగాను. ఆరిన తరువాత కొలిస్తే అర అంగుళం. నియమానికి లోబడింది. ప్రతి దెబ్బకూ భుజంలో ఏదో కొక్కెం పట్టినట్టుండేది. ఒక జంపఖానాకు పన్నెండడుగులు, అంటే నూట నలభై నాలుగు అంగుళాలు, అంగుళానికి పద్నాలుగు పోగులు. మొత్తం రెండు వేల పదహారు దెబ్బలు. ఎన్నో దెబ్బ దగ్గర నా చెయ్యి ఇక రానంటుందో అని లెక్కపెట్టుకుంటూ నేసేవాణ్ని. ఏడు వందల తరువాత లెక్క తప్పేది. తప్పినందుకు మళ్లీ చిరాకు.

మూడోది జూన్ ఇరవై ఏడున దిగింది. తేడా పావు అంగుళం. నాలుగోది జూలై ఒకటిన దిగింది. తేడా ఏమీ లేదు.

ఇంకొకరైతే సంతోషించేవారు. నేను డైరీ తీసి రెండు వరుసలు పక్కపక్కన రాసుకున్నాను. నేత తేడా ముప్పావు నుంచి సున్నాకు వచ్చింది. గోడ మీద నా చెయ్యి జూన్ తొమ్మిదిన యాభై ఆరు, జూన్ ముప్ఫైన యాభై ఆరున్నర. మూడు వారాల్లో అర అంగుళం పైకి లేచిన చెయ్యి జంపఖానాను ఇంత తిన్నగా ఎలా నేసింది? రెండు లెక్కల్లో ఒకటి అబద్ధం కావాలి. మొదట టేపును అనుమానించాను. బజారుకు పోయి ఇంకో టేపు తెచ్చాను. దాని మీదా నమ్మకం కుదరక పక్క దుకాణంలో మూడోది కొన్నాను. మూడింటితోనూ మా తలుపు చట్రం కొలిస్తే మూడూ ఒకే మాట చెప్పాయి. డెబ్బై నాలుగు. ఆ సాయంత్రం కొత్తవాడ సందుల్లో అటూ ఇటూ తిరిగాను. మగ్గాల చప్పుడు ఏ ఇంటి నుంచి వచ్చినా ఆగి విన్నాను, దెబ్బ ఎలా పడుతోందో అని. ఇంటికి వచ్చి కూర్చోలేక మళ్లీ బయలుదేరాను.

మరునాడు, జూలై రెండున, బావ చాయ్‌కి బయటికి పోయిన సమయంలో నాలుగు జంపఖానాలనూ నూలు తూచే కాంటా మీద పెట్టాను. ఎత్తడానికి అక్క సాయం పట్టింది. మొదటిది పదిన్నర కిలోలు. రెండోది పది కిలోల మూడు వందల గ్రాములు. మూడోది తొమ్మిది కిలోల ఎనిమిది వందలు. నాలుగోది తొమ్మిదిన్నర. కొలత ఒకటే, నూలు ఒకటే, బరువు మాత్రం కిలో తగ్గింది. గోటితో పోగులు లెక్కపెట్టాను. మొదటిదానిలో రెండంచుల దగ్గరా అంగుళానికి పద్నాలుగే ఉన్నాయి. నాలుగోదానిలో నా వైపు పన్నెండు. కుడివైపు, బావ వైపు, అదీ పన్నెండే.

నా వైపు తగ్గడానికి కారణం నాకు తెలుసు. బావ చేతికి ఏ జబ్బూ లేదు.

అక్క నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ నన్నే గమనిస్తోంది. "ఏందిరా తమ్మీ, ముఖం గట్లయ్యింది?" అంది. జవాబు చెప్పేలోపే బావ వచ్చాడు. కాంటా పక్కన పరిచి ఉన్న నాలుగింటినీ, నా చేతిలోని పుస్తకాన్నీ చూసి చెప్పులు విడవకుండానే గడపలో ఆగాడు.

"తూకం గూడ పెట్టినవా?"

"నువ్వు మెత్తగ కొడతాన్నవు, బావా."

"అవు."

"ఎప్పటి సంది?"

"మూడోదానికాడి సంది. నీ దిక్కు జారుతాంది, నా దిక్కు బిగుస్తాంది. గట్లనే ఇడిసిపెడితె వంకర పోతది. నేను నీకు కలిపిన." ఇంత తేలిక మాటకు ఇంత హంగామా ఎందుకన్నట్టు చెప్పాడు.

"నన్ను అడగొద్దా?"

"నువ్వు చెప్పినవా? చెప్పేటోనివా నువ్వు? పుస్తకంల రాసుకుంటవు, గోడకు చెప్పుకుంటవు."

"నీకెట్ల తెలిసింది?"

బావ నా తల వైపు చూపించాడు. "నీ పాపిడి. పందొమ్మిదేండ్ల సంది ఎడమ దిక్కున్నది, కుడి దిక్కుకొచ్చింది. ఎడమచేత్తోటి దువ్వుకుంటాన్నవు. పక్కన కూసున్నోనికి కండ్లుండయా?"

అక్క కండె ఆపి నా తల వైపు చూసి, "అవు గదరా," అంది.

రెండంచులూ, నాలుగు మూలలూ, తలుపు చట్రం, గోడ, అన్నీ కొలిచినవాణ్ని నా తల మీది గీత ఎటు పోయిందో చూసుకోలేదు. సిగ్గు వేసింది. దాని వెనకనే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. నా వంకరను కప్పడానికి ఆయన తన మంచి నేతను పాడుచేసుకున్నాడు. జంపఖానా తిన్నగా ఉంది కాని పలచగా ఉంది. రెండు వందల ఎనభై ఎనిమిది పోగులు తక్కువ. హాలులో నాలుగు పెళ్లిళ్లు అయ్యేసరికి కుర్చీల కాళ్ల కింద అది జల్లెడైపోతుంది.

"సేటు చూసేది అంచులు," అన్నాడు బావ. "అంచులు మంచిగున్నయి. పోనీ."

"పోనిస్తె మనం నేసింది కాదది."

"మరి ఎవలు నేసిండ్రు?"

పుస్తకం మూసి బయటికి నడిచాను. సేటు వచ్చేదాకా మూడు రోజులు మగ్గం మీద కూర్చోలేదు. ఇంట్లో ఉండలేదు, బయటా ఉండలేదు. చెబితే సేటు మిల్లు సరుకు తెప్పించుకుంటాడు, బావ గేటు దగ్గరి కుర్చీలోకి పోతాడు. చెప్పకపోతే చలికాలం నాటికి హాలువాళ్లే చెబుతారు, అప్పుడూ అదే కుర్చీ. డైరీలో రెండు దారులూ రాసి, రెండింటి కిందా అడ్డగీతలు కొట్టి, చివరికి ఆ పేజీనే మడిచాను.

సేటు జూలై అయిదున వచ్చాడు. నడుముకు బెల్టు కట్టుకుని ఉన్నాడు, గడప దాటేటప్పుడు తలుపు చట్రం పట్టుకున్నాడు. నాలుగింటి అంచులూ చూసి, "ఏక్ నంబర్," అన్నాడు. బావ నా కేసి చూశాడు. నేను మూడోదాన్నీ నాలుగోదాన్నీ పక్కకు లాగాను.

"ఈ రెండు పలచగున్నయి సేటు. ఎండకు పట్టి చూడు."

ఆయన ఒక మూల ఎత్తి వాకిట్లోకి పోయి ఎండకు పట్టాడు. తరువాత, "నువ్వు చెప్పకపోతె నేను కొంటుంటినే," అన్నాడు, అందులో నింద ఉందో ఆశ్చర్యం ఉందో నాకు అర్థం కాలేదు. "ఎందుకిట్లయ్యింది?"

"నా చెయ్యి బాగలేదు. భుజం బిగుసుకుపోయింది." ఆ మాట బావ ముందు, అక్క ముందు బయటికి అనడం అదే మొదటిసారి. అనుకున్నంత పెద్ద మాటలా వినిపించలేదు.

సేటు అరుగు మీద మెల్లగా, నడుము వంచకుండా కూర్చున్నాడు. "నాకు నడుము. గద్దె మీద కూసోని కూసోని. మా తమ్మునికి బీపీ, మా గుమాస్తాకు కండ్లు. దుకాణంల అందరికి ఏదో ఒకటున్నది." జంపఖానా మూలను చేత్తో తట్టి, "జంపఖానాకు మాత్రం లేకుంట చూడుండ్రి," అన్నాడు. అయిదోది చూసి మాట చెబుతానని, అప్పటిదాకా మిల్లువాళ్లకు ఫోన్ చేయనని అన్నాడు. మంచివి రెండూ బండిలో వేయించుకుని వెళ్లిపోయాడు.

అయిదోది ఎలా నేయాలన్నది ఇక మా చేతిలోనే ఉంది. మూడు రోజులు సందుల్లో తిరిగినప్పుడు ఒక లెక్క నాకు తట్టింది, తట్టగానే దాన్ని తోసేశాను. కుడి పక్క కూర్చునేవాడు ఎడమచేత్తో దెబ్బ కొడతాడు. నా ఎడమచెయ్యి బాగుంది. నాడెను కుడిచేత్తో మోచేతి కింది నుంచి విసరగలను, దానికి భుజం ఎత్తనక్కరలేదు. కాని ఆ జాగ నాది కాదు. బావను లెమ్మని అడగడం నా నోటికి రాని మాట.

సేటు పోయిన తరువాత ఆ మాటను లెక్కలాగానే చెప్పాను. ఎడమ, కుడి, దెబ్బ, నాడె అని వేళ్ల మీద చూపించాను. బావ విన్నాడు. అక్కకు మింగుడుపడలేదు.

"అది మా మామ కూసున్న జాగ తమ్మీ. తప్పు గాదా?"

"తప్పే అక్కా."

బావ గుంట అంచున తన కింద వేసుకునే మడత గోనె తీసి దులిపి, చంకలో పెట్టుకుని ఎడమ పక్కకు పోయాడు. "జాగ ఇస్త గని గోనె ఇయ్య," అన్నాడు. "ఇది నాకు అచ్చొచ్చింది. నువ్వు నీది తెచ్చుకో."

అక్క లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. మగ్గానికి రెండు పక్కలా బొట్టు పెట్టింది, మొదట ఏ పక్క పెట్టిందో నేను చూడకుండా తల తిప్పుకున్నాను.

ఆ మొదటి రోజు మమ్మల్ని చూసినవాళ్లు వారం కింద పని నేర్చుకున్నారనుకునేవారు. నాడె ఆరుసార్లు కింద పడింది. బావ అలవాటు చొప్పున కుడివైపు చేయి చాచి నా మోకాలిని పట్టుకునేవాడు. నేను దెబ్బకు కుడిచెయ్యి ఎత్తబోయి నొప్పితో ఆగేవాణ్ని. మొదటి అడుగు నేత పనికిరాక పోగులు విప్పాం. "ఏంది బామ్మర్దీ, మగ్గం మీద కూసున్న కొత్తల నువ్వు గిట్లనే నేసేటోనివి," అన్నాడు బావ. "అప్పుడు నువ్వు తిట్టేటోనివి," అన్నాను. "ఇప్పుడు గూడ తిడతాన్న, లోపల," అన్నాడు.

అయిదోదానికి తొమ్మిది రోజులు పట్టింది. మిగతావాటికి నాలుగయిదు రోజులే పట్టేవి. జూలై పదిహేనున దించి పరిచాను. ఎడమ అంచు, కుడి అంచు. తేడా అర అంగుళానికి టేపు మీద ఒక చిన్న గీత తక్కువ. మళ్లీ కొలిచాను, రెండో టేపుతో. అంతే. తూకం పది కిలోల రెండు వందల గ్రాములు. పోగులు అంగుళానికి పద్నాలుగు, ఒకటి రెండు చోట్ల పదమూడున్నర. సేటు వచ్చి ఎండకు పట్టి చూశాడు, నడుము పట్టుకుని మూలకు మూల నడిచాడు. "నడుస్తది," అన్నాడు. ఆరోదీ, పలచనైన ఆ రెండింటికి బదులు కొత్తవీ ఆగస్టు మొదటి వారంలో ఇచ్చాం. ఆరూ పూర్తయినాయి. మిల్లువాళ్లకు సేటు ఫోన్ చేయలేదు. చేశాడేమో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంకో భయం కూడా ఉంది. ఇప్పుడు రెండు వేల పదహారు దెబ్బలూ నా ఎడమచేతి మీద పడుతున్నాయి. ఒక భుజం బిగిసినవాళ్లకు రెండోది కూడా బిగియవచ్చునని డాక్టరు ముందే అన్నాడు. ఆ మాట డైరీలో ఉంది, తేదీతో సహా. అందుకే ఆగస్టులో గోడ మీద ఎడమచేతికి రెండో వరుస మొదలుపెట్టాను. కుడిచెయ్యి ఇప్పుడు అరవై రెండు దాకా వచ్చింది. ఇరవై మూడో గీత అదే, ఆగస్టు పద్నాలుగుది.

ఆ రోజే పొద్దున ఎడమచెయ్యి ఎత్తి గీత గీస్తుంటే బావ నన్ను పిలవడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అదెంత?"

"ఎనభైన్నర."

"ముందుగాల ఎంతుండె?"

"ఎనభై ఒకటి."

ఇద్దరం గీతనే చూశాం. పెన్సిలు పట్టుకోవడంలో తేడా అయి ఉండవచ్చు. మడమ సరిగ్గా ఆనకపోయి ఉండవచ్చు. అర అంగుళం అంటే ఏమీ కాకపోవచ్చు. ఇంకోసారి కొలుద్దామని గోడకు ఆనుకోబోయాను.

"ఏ, ఆపు ఇగ," అన్నాడు బావ. నా చేతిలో నుంచి టేపు లాక్కుని, చుట్టి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "పా. పడుగు ఎక్కించుడున్నది." వెనక్కి చూడకుండా సందులోకి నడిచాడు.

నేను ఆయన వెనకాల వెళ్లాను. మిగతా రెండు టేపులూ అలమారలో ఉన్నాయి.